కాంగ్రా లోయలో బడిబాట

పఠాన్‌కోట్ దగ్గర పంజాబు మైదానం ముగిసి శివాలిక్ గుట్టలు మొదలవుతాయి. ఆ గుట్టలు దాటాక కనిపించే విశాలమైన పల్లపు నేల కాంగ్రా లోయ; దానికి ఉత్తరాన, వరిమళ్ళ అంచు నుంచి నిటారుగా నాలుగు వేల మీటర్లకు పైగా లేచేది ధౌలాధార్ పర్వతశ్రేణి. 1929లో పూర్తయిన నేరోగేజ్ రైలుమార్గం పఠాన్‌కోట్ నుంచి జోగీందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్ల మేర ఈ లోయ పొడవునా సాగుతుంది కాని, 2022 ఆగస్టు వరదల్లో చక్కీ నది మీది వంతెన కూలిపోవడంతో రాకపోకల భారం మరింతగా రోడ్డు మీద పడింది. ఈ దారిన ఏటా వచ్చే లక్షలాది మందిలో కొందరు దలైలామా ఆలయ దర్శనానికి, కొందరు త్రియుండ్ కొండ ఎక్కడానికి, కొందరు మంచు చూడడానికి వస్తారు. ఇక్కడ వివరించబోయే యాత్ర వీటి కోసం కాదు. ధర్మశాల చుట్టుపక్కల ఆరు దశాబ్దాలకు పైగా కాందిశీకుల పిల్లల కోసం నడుస్తున్న బడులు, ఆ తరువాత కాందిశీకులే పూనుకొని స్థానిక నిరుపేదల పిల్లల కోసం నెలకొల్పిన వసతిగృహాలు దీని గమ్యాలు.

ధర్మశాల రెండంతస్తుల ఊరు. కింది ధర్మశాలలో జిల్లా కచేరీలు, కోర్టులు, కొత్వాలీ బజారు ఉంటే, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కే రోడ్డు కొసన, సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున మెక్లియోడ్ గంజ్ ఉంది. పంజాబు లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేసిన డొనాల్డ్ మెక్లియోడ్ పేరు మీద వెలసిన ఈ బ్రిటిష్ విడిది పందొమ్మిదో శతాబ్దంలో ఎంత ముఖ్యమైనదంటే, 1863లో ధర్మశాలలోనే కన్నుమూసిన వైస్రాయి లార్డ్ ఎల్గిన్ సమాధి నేటికీ ఇక్కడి దేవదారు చెట్ల మధ్య ఉన్న చర్చి ఆవరణలో కనిపిస్తుంది. 1905 ఏప్రిల్ 4 నాటి భూకంపం కాంగ్రా లోయలో దాదాపు ఇరవై వేల మందిని బలిగొని ఈ ఊరిని నేలమట్టం చేసింది. స్వాతంత్ర్యానంతరం తెల్లదొరల కుటుంబాలు కూడా వెళ్ళిపోవడంతో బంగళాలు తాళాలు పడి, వానకు నానుతూ మిగిలిపోయాయి. తరతరాలుగా ఇక్కడ దుకాణం నడిపిన పార్సీ కుటుంబానికి చెందిన నౌజర్ నౌరోజీ, ఖాళీగా ఉన్న ఈ ఇళ్ళను టిబెట్ నుంచి వచ్చినవారికి ఇవ్వవచ్చునని ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. 1960 ఏప్రిల్ 30న దలైలామా ముస్సోరీ నుంచి ఇక్కడికి మకాం మార్చారు.

అంతకు ఏడాది ముందు, 1959 మార్చి 10న లాసా నగర ప్రజలు చైనా సైన్యంపై తిరగబడ్డారు. వారం తిరిగేసరికి దలైలామా రహస్యంగా నగరం విడిచి, ఆ నెల 31న తవాంగ్ ప్రాంతం మీదుగా భారత భూమిపై అడుగుపెట్టారు. ఆయన వెనక హిమాలయాలు దాటి వచ్చినవారు సుమారు ఎనభై వేల మంది అని అంచనా. వారికోసం భారత ప్రభుత్వం అస్సాంలోని మిస్సామారీలోను, బెంగాల్ డువార్స్ ప్రాంతంలోని బక్సాలోను తాత్కాలిక శిబిరాలు తెరిచింది. బక్సా బ్రిటిష్ కాలంలో స్వాతంత్ర్య సమరయోధులను నిర్బంధించిన కోట. అందులో వందలాది బౌద్ధ భిక్షువులు ఏళ్ళ తరబడి గడపవలసి రాగా, చల్లని పొడిగాలికి అలవాటుపడిన దేహాలను ఆ పల్లపు ప్రాంతపు ఉక్క, కొత్త నీరు, క్షయ కుంగదీశాయి. శిబిరాలపై ఒత్తిడి తగ్గించడానికి ప్రభుత్వం చూపిన పని రోడ్ల నిర్మాణం. చంబా, కుల్లూ, సిమ్లా పరిసరాల్లోను, జమ్మూ ప్రాంతంలోను కొండలు తొలిచి రహదారులు వేసే పనిలో భార్యాభర్తలిద్దరూ కూలికి వెళితే, పసిపిల్లలు రోడ్డు పక్క గుడారాల్లో, మందుపాతర పేల్చే చోటికి కూతవేటు దూరంలో మిగిలిపోయేవారు.

ధర్మశాల బడికి పునాది పడింది ఆ గుడారాల వల్లనే. 1960 మే 17న జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరాల నుంచి యాభై ఒక్క మంది పిల్లలు ఇక్కడికి చేరారు. వారి బాధ్యతను దలైలామా పెద్ద అక్క త్సెరింగ్ డోల్మా స్వీకరించారు. ప్రభుత్వం ఇచ్చిన ఒక పాత బంగళాలో మొదలైన ఆ శిశుసంరక్షణ కేంద్రానికి పిల్లల రాక ఆగలేదు. కొద్ది కాలంలోనే వందల సంఖ్యలో చేరినవారిని ఎనిమిదేళ్ళు నిండగానే ఇతర ప్రాంతాల్లోని ఆశ్రమ పాఠశాలలకు పంపి, కొత్తవారికి చోటు చేయవలసి వచ్చేది. 1963లో ఐర్లండ్ నుంచి సైకిల్ మీద భారతదేశానికి వచ్చిన రచయిత్రి డెర్వ్లా మర్ఫీ కొన్ని నెలలపాటు ఈ శిబిరంలో సేవ చేసి, ఆ అనుభవాన్ని తరువాత 'టిబెటన్ ఫుట్‌హోల్డ్' అనే పుస్తకంగా వెలువరించారు. గజ్జి, విరేచనాలు, క్షయ, పోషకాహార లోపం పిల్లలను పట్టి పీడించిన ఆ తొలి ఏళ్ళలో బడి అంటే మొదట వైద్యం, తరువాత అన్నం, ఆ పైన మాత్రమే చదువు. దానధర్మాల మీద నడిచే విద్యాసంస్థలను అంచనా వేసేటప్పుడు ఈ వరస చాలాసార్లు మరుగున పడుతుంది. ఒంట్లో సత్తువ లేని పిల్లవాడికి పలక అందించడం వల్ల దాతకు తృప్తి కలగవచ్చునేమో కాని పిల్లవాడికి చదువు రాదు.

త్సెరింగ్ డోల్మా 1964లో మరణించగా, ఆమె చెల్లెలు జెత్సున్ పేమా సంస్థ పగ్గాలు చేపట్టారు. అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగేళ్ళు. కాలింపాంగ్, డార్జిలింగ్ కాన్వెంటుల్లో చదివి, ఆపై స్విట్జర్లండ్, ఇంగ్లండులలో శిక్షణ పొంది వచ్చారు. ఆమె 2006 వరకు, అంటే నాలుగు దశాబ్దాలకు పైగా ఆ బాధ్యతలో కొనసాగారు. శరణార్థుల సంస్థలు ఎక్కువగా విదేశీ నిర్వాహకుల చేతుల్లో ఉండి, వారు మారినప్పుడల్లా దిశ మార్చుకునే రోజుల్లో ఒక సంస్థ ఇంతకాలం తన వాళ్ళ చేతుల మీదుగానే నడవడం దాని విజయానికి ప్రధాన కారణమని చెప్పవచ్చు. డబ్బు బయటి నుంచి వచ్చింది. నిర్ణయం మాత్రం లోపల జరిగింది.

ఆ నిర్ణయాధికారానికి వీలు కల్పించిన రాజకీయ నేపథ్యాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. టిబెటన్ పిల్లలను సాధారణ భారతీయ పాఠశాలల్లో కలిపివేయడం పాలనాపరంగా సులువైన మార్గమే అయినా, వారి భాషా సంస్కృతులు నిలవాలంటే ప్రత్యేక పాఠశాలలు కావాలని జవహర్‌లాల్ నెహ్రూ అభిప్రాయపడ్డారు. 1960 మార్చిలో ముస్సోరీలో యాభై మంది విద్యార్థులతో తొలి టిబెటన్ పాఠశాల మొదలైంది. 1961లో కేంద్ర విద్యాశాఖ కింద ఒక స్వయంప్రతిపత్తి సంస్థ ఏర్పడి, ఆ తరువాతి దశాబ్దాల్లో దేశమంతటా టిబెటన్ ఆవాసాల్లో పాఠశాలలు నడిపింది. తరువాత బాలగ్రామంగా మారిన ధర్మశాల కేంద్రం ఆ ప్రభుత్వ వ్యవస్థకు సమాంతరంగా, విరాళాల మీద ఆధారపడి పెరిగింది. సొంత పిల్లలకే బడులు చాలని కాలంలో, కొత్తగా స్వతంత్రమైన ఒక పేద దేశం పరాయి పిల్లల భాష కోసం విడిగా ఖర్చు పెట్టడం గర్వించదగిన విషయం.

మెక్లియోడ్ గంజ్ కూడలి నుంచి ఈ బాలగ్రామానికి నడక దారి ఓక్, దేవదారు, రోడోడెండ్రాన్ చెట్ల మధ్యగా పడమరకు సాగుతుంది. ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే కొండవాలు కావడంతో రోడ్డు పక్క రాతిగోడల మీద నాచు ఎండాకాలంలో కూడా పూర్తిగా ఎండదు. దారి కొసన దాల్ అనే చిన్న చెరువు, దాని మీదుగా మెట్లు మెట్లుగా కొండను చదును చేసి కట్టిన ఇళ్ళు, తరగతి గదులు, మధ్యలో విశాలమైన ఆటస్థలం కనిపిస్తాయి. ఆటస్థలం చుట్టూ ఉన్న రాతి మెట్ల మీద మధ్యాహ్నం విరామంలో పిల్లలు గుంపులు గుంపులుగా కూర్చుంటే, వెనక ధౌలాధార్ మంచుగోడ చాలా దగ్గరగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. 'తనకంటే ముందు ఇతరులు' అనే అర్థం వచ్చే మాట ఈ సంస్థకు ఆదర్శ వాక్యం.

1972లో ఈ సంస్థ 'టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్' పేరుతో నమోదై, ఎస్‌ఓఎస్ బాలగ్రామాల అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. హెర్మన్ గ్మైనర్ 1949లో ఆస్ట్రియాలో ప్రారంభించిన ఆ పద్ధతి రెండో ప్రపంచయుద్ధం వల్ల అనాథలైన పిల్లల కోసం పుట్టింది. వందలాది పిల్లలను ఒకే పెద్ద హాలులో పడుకోబెట్టే అనాథాశ్రమానికి బదులు, వేరువేరు వయసుల పిల్లలను చిన్న చిన్న ఇళ్ళుగా విభజించి, ప్రతి ఇంటికీ ఒక స్థిరమైన తల్లిని నియమించడం ఈ పద్ధతి సారాంశం. ధర్మశాలలో ఆ ఇంటిని ఖిమ్‌త్సాంగ్ అంటారు, ఇంటి తల్లిని అమలా అని పిలుస్తారు. ఐరోపాలో అటువంటి ఇంటికి పదిమంది లోపు పిల్లలు ఉంటే, ఇక్కడి అవసరం పెద్దది కనుక పాతిక ముప్ఫై మంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ మంది ఒకే కప్పు కింద పెరిగారు.

అటువంటి ఒక ఇంటి లోపలికి వెళితే మొదట కనిపించేవి రెండేసి అంతస్తుల ఇనుప మంచాలు, వాటిమీద చదరంగా మడిచిన దుప్పట్లు, ఒక గోడ వారగా వరుసగా నిలబెట్టిన కప్పులు, వాటిలో బ్రష్షులు. పొద్దున్నే పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు ముఖం కడిగి, జడలు వేసి, బూట్ల తాళ్ళు కట్టాక గాని తమ పని చూసుకోరు. గదులు ఊడవడం, కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం వంతులవారీగా సాగుతాయి. మగపిల్లలకు, ఆడపిల్లలకు పనుల్లో తేడా లేదు. భోజనానికి ముందు అందరూ కలిసి ప్రార్థన చదువుతారు. తింగ్మో అని పిలిచే, ఆవిరి మీద ఉడికించిన మైదా రొట్టె, పప్పు, అన్నం, కూర ఇక్కడి మామూలు తిండి. తలుపు పక్కన ఆ ఇంటి నిర్మాణానికి ధనమిచ్చిన దాతల పేరున్న ఫలకం ఉంటుంది. ఇంట్లో తిరిగే పిల్లలకు మాత్రం అది ఫలానా నంబరు ఇల్లు, ఫలానా అమలా ఇల్లు. నెలలో ఒకటి రెండు రోజులు మాత్రమే తీరిక దొరికే ఆ తల్లులలో చాలామంది స్వయంగా శరణార్థులే. సంస్థ చరిత్రల్లో అధ్యక్షుల, దాతల పేర్లు చేరినంతగా వీరి పేర్లు చేరకపోవడం లోపమే.

విదేశీ సహాయపు చరిత్ర అంతా ఒకే విధంగా మేలు చేసిందని చెప్పడానికి వీలులేదు. 1960ల తొలినాళ్ళలో స్విట్జర్లండ్‌లోని ట్రోగెన్ దగ్గర ఉన్న పెస్టలోజ్జీ బాలగ్రామానికి కొందరు టిబెటన్ పిల్లలు వెళ్ళారు. అక్కడ వారికి తమ భాష మాట్లాడే సంరక్షకులు తోడుగా ఉన్నారు. అదే కాలంలో ఒక స్విస్ పారిశ్రామికవేత్త చొరవతో నూట యాభైకి పైగా పిల్లలను విడివిడిగా స్విస్ కుటుంబాలు పెంపకానికి తీసుకున్నాయి. ఆ పిల్లల్లో చాలామందికి తల్లి గాని, తండ్రి గాని, ఇద్దరూ గాని బతికే ఉన్నారు. వారికి మంచి ఇళ్ళు, మంచి చదువులు దొరికిన మాట వాస్తవమే అయినా, పెద్దయ్యాక కన్నతల్లిని కలిసినప్పుడు ఇద్దరి మధ్య ఒక ఉమ్మడి భాష లేకపోవడం ఎంతటి గాయమో వారిలో కొందరు తరువాత బహిరంగంగా చెప్పుకున్నారు. ఇద్దరు దాతలూ సదుద్దేశంతోనే సాయం చేశారు. మొదటివారు పిల్లవాడితోబాటు అతని భాషకు కూడా చోటు ఇచ్చారు, రెండోవారు పిల్లవాడిని మాత్రమే తీసుకున్నారు. ధర్మశాల బాలగ్రామం విదేశీ దాతలతో పెట్టుకున్న సంబంధం ఇందుకు భిన్నం. ఒక దాత ఒక పిల్లవాడి ఖర్చు భరించడం, పిల్లవాడు ఏడాదికి కొన్నిసార్లు ఉత్తరం రాయడం అనే స్పాన్సర్‌షిప్ పద్ధతిలో పిల్లవాడు తన చోటనే, తన వాళ్ళ మధ్యనే ఉంటాడు. ఎవరో తెలియని మనిషికి కృతజ్ఞతతో ఉత్తరం రాయవలసి రావడంలో కొంత ఇబ్బంది లేకపోలేదు. అయినా వేలాది పిల్లల చదువు సాగింది ఆ పద్ధతి వల్లనే.

1980ల నుంచి ఈ బడుల స్వభావం మారింది. అప్పటిదాకా చేరినవారు భారతదేశంలోని శరణార్థుల సంతానం కాగా, ఆ తరువాత టిబెట్ నుంచే కొత్తగా, తల్లిదండ్రులు తోడు లేకుండా, దారి చూపేవారి వెంట మంచుకనుమలు దాటి వచ్చే పిల్లలు పెరిగారు. చో ఓయూ శిఖరం పక్కనున్న నాంగ్‌పా లా అనే కనుమ ఎత్తు 5,700 మీటర్ల పైచిలుకు. రాత్రిపూట నడిచి, పగలు దాక్కుని, రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో మంచుకాటుకు వేళ్ళు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో. 2006 సెప్టెంబరు 30న అదే కనుమలో చైనా సరిహద్దు దళాలు జరిపిన కాల్పుల్లో ఒక యువ భిక్షుణి చనిపోవడాన్ని పర్వతారోహకులు కళ్ళారా చూసి కెమెరాలో బంధించారు. తమ భాషలో చదువు, మతస్వేచ్ఛ, దలైలామా దర్శనం అనే మూడింటి కోసం తల్లిదండ్రులు, మళ్ళీ చూస్తామో లేదో తెలియకుండానే, ఏడెనిమిదేళ్ళ పిల్లలను ఆ దారిన పంపారు. వయసు పెరిగి అక్షరాలు రాకుండా వచ్చినవారి కోసం బీర్ సమీపంలోని సుజాలో ప్రత్యేక పాఠశాల ఏర్పడింది. లడఖ్ నుంచి బైలకుప్పె దాకా విస్తరించిన శాఖలన్నింటిలో కలిపి విద్యార్థుల సంఖ్య ఒక దశలో పదిహేను వేలు దాటింది. 2008లో టిబెట్‌లో చెలరేగిన నిరసనల తరువాత సరిహద్దు కట్టుదిట్టమై, ఏటా రెండు వేలకు పైగా వచ్చేవారు వందలకు, ఆపై పదుల్లోకి పడిపోయారు. శరణార్థుల జననాల రేటు కూడా తగ్గడంతో కొన్ని బడులను కలిపివేయడం, కొన్ని ఇళ్ళను మూసివేయడం నిర్వాహకులకు తప్పలేదు.

ధర్మశాల బాలగ్రామంలో చిన్న తరగతుల దగ్గర తెలుగువారు ఎవరైనా నిలబడితే, లోపలి నుంచి వినిపించే పాఠం పూర్తిగా కొత్తగా అనిపించదు. క, ఖ, గ, ఙ అంటూ పిల్లలు రాగయుక్తంగా చదివే టిబెటన్ అక్షరమాల బ్రాహ్మీ సంతతికి చెందినది; ఏడో శతాబ్దంలో తోన్మి సంభోట అనే మంత్రి భారతదేశానికి వచ్చి ఇక్కడి లిపుల ఆధారంగా ముప్ఫై హల్లులు, నాలుగు అచ్చు గుర్తులతో దానిని కూర్చాడని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. శరణార్థుల ప్రభుత్వం నడిపే పాఠశాలల సంఘానికి ఆయన పేరే పెట్టారు. ఈ బాలగ్రామంలో ప్రాథమిక తరగతుల బోధన టిబెటన్‌లో సాగుతుంది: గణితం, పరిసరాల విజ్ఞానం సహా పాఠ్యపుస్తకాలను వారే తయారుచేసుకున్నారు. పై తరగతుల్లో ఆంగ్లమాధ్యమంలో సీబీఎస్‌ఈ పరీక్షలకు వెళతారు. లోకమంతా చెదిరిన, ఒక దేశం గుర్తింపు కూడా లేని లక్ష పైచిలుకు జనం తమ భాషలో విజ్ఞానశాస్త్రానికి పారిభాషిక పదాలు కూర్చుకుని పిల్లలకు నేర్పుతున్నప్పుడు, కోట్లాది మంది మాట్లాడే భాషలవారు ఒకటో తరగతిలోనే అమ్మభాషను వదిలించుకోవాలని తొందరపడడం గురించి తెలుగు పాఠకుడికి ఆలోచన రాకమానదు.

ఈ బడులకు తెలుగునాటితో నేరుగా ఒక సంబంధం ఉంది. చలికాలం రాగానే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో రోడ్డు పక్క గుడారాలు వేసి స్వెట్టర్లు అమ్మే టిబెటన్లను చాలామంది నేపాలీలని పొరబడతారు. లూథియానా టోకు వ్యాపారుల దగ్గర అప్పు మీద సరుకు తెచ్చుకుని, అక్టోబరు నుంచి జనవరి దాకా ఊరు కాని ఊళ్ళో అమ్మి, మిగిలిన ఏడాదంతా ఆ ఆదాయం మీద నెట్టుకొచ్చే కుటుంబాలు అవి. మైసూరు రాష్ట్ర ప్రభుత్వం 1960లో బైలకుప్పెలో ఇచ్చిన సుమారు మూడు వేల ఎకరాల మీద గాని, శ్రీకాకుళం జిల్లా పొలిమేరకు అట్టే దూరంలో లేని ఒడిశా చంద్రగిరి ఆవాసంలో 1963 నుంచి సాగుచేస్తున్న మొక్కజొన్న చేల మీద గాని వచ్చే రాబడి పెరిగిన సంసారాలకు చాలకపోవడం వల్లనే ఈ వలస వ్యాపారం పుట్టింది. బడి నడిచే రోజుల్లోనే తల్లిదండ్రులు నాలుగు నెలలు ఊళ్ళో లేకపోతే పిల్లవాడిని చూసుకునే వసతి పాఠశాల ఆ ఇంటికి అత్యవసరం. విశాఖ బీచి రోడ్డు వైపు అమ్ముడుపోయే ఒక మఫ్లరుకు, ధౌలాధార్ వాలు మీది ఒక ఇనుప మంచానికి మధ్య లెక్క ఈ విధంగా కుదురుతుంది.

చదువు పూర్తయ్యాక ఏమిటన్నది కఠినమైన ప్రశ్న. 1951 నాటి శరణార్థుల అంతర్జాతీయ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. దేశంలో శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. టిబెటన్లు చట్టం దృష్టిలో విదేశీయులుగానే ఉంటూ, గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవలసిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అనే పత్రం మీద నివసిస్తారు. 1950 జనవరి 26కు, 1987 జులై 1కి మధ్య ఈ గడ్డ మీద పుట్టినవారు జన్మతః పౌరులేనని ఢిల్లీ హైకోర్టు 2010లో ఒక టిబెటన్ యువతి కేసులో తీర్పు చెప్పింది కాని, పౌరసత్వం తీసుకుంటే స్వదేశం మీద హక్కు వదులుకున్నట్టవుతుందేమోనన్న సంకోచం చాలామందిని ఇప్పటికీ వెనక్కు లాగుతుంది. పౌరులు కానివారికి ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అందవు. నర్సింగు, బోధన, చిన్న వ్యాపారం, సంస్థల్లో కొలువు అనే కొద్దిపాటి దారులు నిండిపోగానే, బాగా చదివినవారు ఐరోపాకు, ఉత్తర అమెరికాకు వెళుతున్నారు. 2009లో శరణార్థుల పాలనా వ్యవస్థ జరిపిన జనగణన ప్రకారం భారతదేశంలో 94,203 మంది టిబెటన్లు ఉండగా, ఆ తరువాత ఆ సంఖ్య బాగా తగ్గింది. సమాజం నిలవడానికి కట్టిన బడి ఆ సమాజం చెదిరిపోవడానికి కూడా అర్హత పత్రం ఇస్తున్నదన్న వేదన ఇక్కడి ఉపాధ్యాయులది. అయినా పిల్లవాడి చదువును తగ్గించడం దానికి మందు కాదని కూడా వారికి తెలుసు.

పిల్లల వయసు దాటిన తరువాత వచ్చినవారికి వేరే ఏర్పాట్లు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన కొత్తవారి కోసం 1993లో కింది ధర్మశాల వైపు ఒక ట్రాన్సిట్ స్కూలు మొదలైంది: టిబెటన్, ఆంగ్లం, కంప్యూటరు, ఏదో ఒక చేతిపని అక్కడి పాఠాలు. మెక్లియోడ్ గంజ్ ఇరుకు సందుల్లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు సాయంత్రం పూట ఆంగ్ల సంభాషణ తరగతులు నడుపుతాయి. ఏ దేశం నుంచి వచ్చిన పర్యాటకుడైనా గంటసేపు చాప మీద కూర్చుని, ఒక భిక్షువుతోనో, వంటమనిషితోనో, జైలు నుంచి బయటపడి వచ్చిన మనిషితోనో మాట్లాడితే చాలు. సిద్ధ్‌పూర్‌లో 1988లో నిర్మాణం మొదలైన నోర్బులింకా సంస్థలో థంకా చిత్రలేఖనం నేర్చుకునేవారు ఉన్నారు. థంకా అంటే గుడ్డ మీద ఖనిజాల రంగులతో వేసే బౌద్ధ చిత్రం. శిష్యుడు ముందు పెన్సిలుతో గళ్ళు గీసి, ఆ కొలతల్లో బుద్ధుడి ముఖం ఒక్కటే నెలల తరబడి వేసి, చెరిపి, మళ్ళీ వేస్తాడు. రంగు ముట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అంతకాలం భత్యం ఇచ్చి కూర్చోబెట్టడం వల్లనే ఆ కళ ప్రవాసంలో బతికింది.

సిద్ధ్‌పూర్ నుంచి ఇంకా కిందికి, లోయ మట్టానికి దిగితే సారా అనే ఊరు వస్తుంది. అక్కడి వసతిగృహంలో ఉండే పిల్లలు టిబెటన్లు కారు. రాజస్థాన్, మహారాష్ట్రల నుంచి దశాబ్దాల క్రితం వలస వచ్చి, ధర్మశాల శివార్లలో చరాన్ ఖడ్ అనే వాగు ఒడ్డున గుడిసెలు వేసుకుని, చిత్తు కాగితాలు ఏరుకుంటూ, బూట్లు కుడుతూ, మెక్లియోడ్ గంజ్‌లో యాత్రికుల ముందు చేయి చాస్తూ బతికిన కుటుంబాల బిడ్డలు వారు. టిబెట్ నుంచి శరణార్థిగా వచ్చిన జమ్యాంగ్ అనే భిక్షువు ఆ పిల్లలు చెత్తలో తిండి వెతుక్కోవడం చూసి, 2004లో ఆ బస్తీలోనే ఒక గుడారంలో బడి పెట్టారు. ఇతరుల దుఃఖాన్ని తనలోకి స్వీకరించి తన సుఖాన్ని వారికి ఇచ్చినట్టు భావించే బౌద్ధ ధ్యానపద్ధతి పేరు తోంగ్-లెన్; ఆయన తన ట్రస్టుకు ఆ పేరే పెట్టారు. గుడారపు బడితో సరిపెట్టలేదు: తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను వసతిగృహానికి తెచ్చి, పట్టణంలోని మంచి పాఠశాలలో చేర్పించారు. 2011లో సారాలో కట్టిన వసతిగృహాన్ని దలైలామా ప్రారంభించారు. అక్కడ పెరిగినవారిలో వైద్యవిద్య పూర్తిచేసినవారు, ఇంజనీర్లు, పాత్రికేయులు ఉన్నారు.

ఈ యాత్ర మొత్తంలో మనసును ఎక్కువగా కదిలించే చోటు ఇదే. ఇల్లు లేని జాతి నుంచి వచ్చిన మనిషి, తనకు ఆశ్రయమిచ్చిన దేశంలో ఇల్లు లేని పౌరుల పిల్లలకు ఇల్లు కట్టాడు. ఆయన వాడిన పనిముట్లన్నీ కొండ పైనున్న బాలగ్రామం దశాబ్దాలుగా వాడినవే: ముందు వైద్యం, తిండి, చదువుకు అనువైన వసతి, ఏళ్ళ తరబడి మారని సంరక్షకులు, దూరపు దాతల సొమ్ము, దగ్గరి మనుషుల నిర్ణయం. కన్నవారికి దూరంగా ఉంచడం అనే మూల్యం కూడా మారలేదు. చరాన్ ఖడ్ తల్లి తన కూతురిని పది కిలోమీటర్ల దూరాన వదలడానికి పడిన మథన, నాంగ్‌పా లా దారిన కొడుకును పంపిన తల్లి పడినదానికంటే చిన్నదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తండ్రులు మొదట వద్దన్నారు. అడుక్కుంటే వచ్చే డబ్బు తగ్గుతుందని కొందరు, ఈ బోడిగుండు మనిషి పిల్లలను ఎక్కడికి తీసుకుపోతాడోనని కొందరు భయపడ్డారు.

2016లో పురపాలక అధికారులు చరాన్ ఖడ్ బస్తీని ఖాళీ చేయించారు. వర్షాకాలం ముంగిట వెయ్యి మందికి పైగా నిరాశ్రయులై చుట్టుపక్కల ఊళ్ళలో, రోడ్ల అంచుల్లో చెదిరిపోయారు. వాగు ఒడ్డున ఇప్పుడు గుడిసెల ఆనవాళ్ళు లేవు. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు ప్రతి పిల్లవాడికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టం అప్పటికి ఆరేళ్ళుగా అమలులో ఉంది. ఆ పిల్లలందరూ ఈ దేశ పౌరులే. కాని గుడిసె కూలిన రోజున పలకా పుస్తకాలతోపాటు బడికి చూపే చిరునామా కూడా పోతుంది. అప్పటికే వసతిగృహంలో ఉన్న పిల్లలకు ఆ చిరునామా మిగిలింది, వారు మరునాడు యథావిధిగా బడికి వెళ్ళగలిగారు. ట్రస్టు మనుషులు చెదిరిన కుటుంబాలు చేరిన కొత్త మురికివాడలను వెతుక్కుంటూ వెళ్ళి, అక్కడ మళ్ళీ వైద్యంతోను, సాయంత్రపు పాఠాలతోను పని మొదలుపెట్టారు.